డ్రైవర్ సీటు కింద ఎర్రమూట

వేలం ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. నా ముందు రెండు కంప్యూటర్లు. రెండు తెరల మీదా ఒకే తెల్ల కారు.

ఎడమ తెరలో కుమారస్వామి ఖాతా తెరిచి ఉంది. కుడి తెరలో ఉన్నది నా ఖాతా. నాకూ ఒక ఖాతా ఉందని అతనికి తెలియదు. అతను పాలంపేట నుంచి ఫోన్‌లో ఉన్నాడు. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి రెండు కీబోర్డుల మధ్య ఉంచాను.

"ఎంత మీదున్నది అన్నా?"

"రెండు లచ్చల అరవై రెండు వేలు. నీదే మీదున్నది తమ్మీ."

"ఇంకెవలన్న ఉన్నరా?"

"ఒకడుండె. రెండు అరవై కాడ ఇడిసిపెట్టిండు."

అప్పటిదాకా నేను చెప్పినవన్నీ నిజాలే.

హన్మకొండ బస్టాండు ఎదురుగా నాకు ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పదహారేళ్ళుగా అదే బతుకు. పింఛన్లు, కులం సర్టిఫికెట్లు, పరీక్ష ఫీజులు, భూమి కాగితాలు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఓటీపీ చదివి చెప్పరు. ఫోనే నా చేతిలో పెడతారు. మడికొండ మొగిలమ్మ అయితే ఫోన్ టేబుల్ మీద పడేసి, చాయ్ తాగి వస్తానని బస్టాండులోకి వెళ్ళిపోతుంది. ఆ నంబరు ఎవరికీ చెప్పవద్దని ఫోన్‌లోనే రాసి వస్తుంది. ఆ 'ఎవరికీ'లో నన్ను ఎవరూ లెక్కపెట్టరు.

కుమారస్వామి నాకు పదేళ్ళ పరిచయం, తమ్ముడిలాంటివాడు. అతనూ అలాగే వచ్చాడు. పదకొండేళ్ళుగా ఓంప్రకాశ్ సేఠ్ కారుకు డ్రైవర్. స్టేషన్లో దిగినవాళ్ళను రామప్ప గుడికి తీసుకువెళ్ళి చూపించి తీసుకురావడం అతని పని. జీతం సేఠ్ చేతిలో, సెలవు సేఠ్ నోట్లో. ఒక్కసారి సొంత కారుతో ఆ దారిలో తిరగాలని అతని కోరిక. ఏదో కంపెనీ తన ఆఫీసర్లు వాడిన కార్లను వెబ్‌సైట్‌లో వేలం వేస్తోందని, కార్లన్నీ మడికొండ అవతల ఒక యార్డులో పెట్టారని తెలుసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గా ఇంగ్లీషు నాతోని గాదు. నువ్వే జర చూడు" అన్నాడు. ఆధార్, పాన్ కార్డు, ఫోన్ టేబుల్ మీద పెట్టాడు. పది నిమిషాల్లో అతని పేరున ఖాతా తెరిచాను. డిపాజిట్ కట్టించాను.

మంగళవారం కార్లు చూసుకోవచ్చన్నారు. ముగ్గురం వెళ్ళాం. కుమారస్వామి, నేను, మెకానిక్ యాకయ్య. యాకయ్య తాత చూసి సరే అనకుండా మా వైపు ఎవరూ పాత బండి కొనరు. ఆయన బానెట్ లేపాడు, ఆయిల్ మూత తీసి వాసన చూశాడు, కింది చాప ఎత్తి నీళ్ళెక్కిన మరకలున్నాయేమో వెతికాడు, డోర్లను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగిన బండి.

"కండ్లు మూస్కొని తీస్కో బిడ్డా" అన్నాడు. "గిసుంటిది నా షెడ్డుకు రాదు. వస్తె నేనే దాసుకుంట."

కుమారస్వామి డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. తరవాత వంగి సీటు కింద చెయ్యి పెట్టాడు. సీటు జరిపే పిడి చూస్తున్నాడేమో అనుకున్నాను.

బయటికొచ్చి, "మూడు పది దాక పోదాం అన్నా. దాటితె ఇడిసిపెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం మా తోడల్లుడు శ్యాంసుందర్ కొత్త బట్టల షాపు ప్రారంభం. షాపు ముందు నా స్కూటర్ ఆపాను. "రమాకాంతన్నా, జర నీ గుర్రాన్ని పక్కకు కట్టెయ్యి. కార్లు రావాలె" అని అరిచాడు. మెట్ల మీదున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భార్య స్నేహలత నవ్వలేదు. ఆ తరవాత నేను చేసిన పనికి ఇది కారణమని చెప్పను. ఇలాంటి మాటలు పదిహేనేళ్ళుగా వింటున్నవాణ్ణే.

మరునాడు నా పేరున ఇంకో ఖాతా తెరిచాను. కుమారస్వామి మూడు పది దగ్గర ఆగిపోతే ఆ పైన నేను పాడుకుంటాను, అతను ఎలాగూ వదిలేసేదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చదువు చెప్పే మనిషిలాగా చాలా ఓపికగా చెప్పుకున్నాను.

కానీ ధర మూడు పది దాకా రానేలేదు. రెండు అరవై రెండు దగ్గర ఆగింది. ఎదుటివాడు వెళ్ళిపోయాడు. కారు కుమారస్వామిది కాబోతోంది.

రెండు నిమిషాల యాభై సెకన్లు.

నా కుడిచెయ్యి కుడి కీబోర్డు మీదికి వెళ్ళింది. రెండు లక్షల అరవై ఐదు వేలు కొట్టాను. నొక్కాను.

ఎడమ తెర ఎర్రబడింది. చివరి మూడు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్ళీ మూడు నిమిషాలకు తిరుగుతుంది. తిరిగింది.

"పెరిగింది తమ్మీ" అన్నాను.

"ఎవలు? పోయిండంటివి గదా!"

"ఇంకోడు. పేరు కనబడది, ఉత్త నంబరే. ఒక్కసారే మూడు పదిహేనుకు దుంకిండు."

ఫోన్‌లో ఏదో టూరిస్టు బస్సు వెనక్కి వస్తున్న చప్పుడు. క్లీనర్ 'రానీ, రానీ' అంటున్నాడు. నేను గడియారం చూస్తున్నాను. రెండు నిమిషాల పది.

"అన్నా, ఇంకో పది ఏద్దామంటవా? మా రమ పుస్తెలతాడు ఉన్నది, అడుగుత."

రెండు నిమిషాలు. అతను 'వెయ్యి' అంటే నేను వెయ్యాలి. వేస్తే అసలు ధర అతనికి తెలిసిపోతుంది.

"వద్దు తమ్మీ. పాత బండికి గంత పెడితె మునుగుతవ్. నామాట ఇను."

"గంతేనంటవా?"

"గంతే."

ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "సరె అన్నా. నువ్వన్నంక ఇంకేమున్నది. ఎవని నసీబ్ వానిది. నాకోసం పొద్దటి సంది షాపు పని ఇడిసిపెట్టి కూసున్నవ్. నీ రుణం ఎట్ల తీర్చుకుంట?"

అతను కృతజ్ఞత చెబుతూనే ఉన్నాడు. గడియారం సున్నాకు వచ్చింది. కుడి తెర ఆకుపచ్చగా మారింది.

కారు ఇంటికొచ్చింది. పూజ చేయించేదాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుందని స్నేహలతతో అన్నాను. "నీకెప్పటి సంది దిష్టి?" అని నవ్వింది కానీ ఒప్పుకుంది. యాకయ్య షెడ్డు ఉన్న వీధిలోకి బండి తిప్పలేదు. ఆయిల్ మార్పించడానికి కరీంనగర్ రోడ్డులో, నా ముఖం తెలియని షెడ్డు వెతుక్కున్నాను. దొంగ సొత్తు దాచేవాడు కూడా ఇన్ని వీధులు తప్పించుకు తిరగడు.

పది రోజులకు కుమారస్వామి సెంటర్‌కు వచ్చాడు. కారు వెనకవీధిలో ఉంది. తాళంచెవి టేబుల్ మీదే ఉంది. దానికి కంపెనీ వాళ్ళ పసుపు బిళ్ళ, బిళ్ళ మీద బండి నంబరు. చేతికందిన పింఛను దరఖాస్తు దానిమీద కప్పాను.

"డిపాజిట్ పైసలు వాపస్ వచ్చినయన్నా" అన్నాడు. సంచీలోంచి అరిటాకు పొట్లం తీశాడు. చెరువు చేపలు, కడిగి ఉప్పు రాసినవి. "వదినెకియ్యి. ఇంకోటి ఏదన్న వస్తె చూడన్నా. తొందరేం లేదు."

"చూస్త తమ్మీ."

అతను ఏదో అడగబోయి ఆగినట్టు కనిపించింది. ఒకసారి ఫోన్ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఏం లేదన్నా. పోతాన" అని లేచాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి చేపలు తిన్నాను. రుచిగానే ఉన్నాయి. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మూడో వారం చీమలు పట్టాయి.

మొదట రెండో మూడో. తరవాత డోర్ సందులోంచి బారులు. ఆదివారం స్నేహలతను వాళ్ళక్క ఇంటికి తీసుకువెళ్తుంటే కాశిబుగ్గ దాటకముందే కేక వేసింది. "ఏం కారు తెచ్చినవయ్యా! చీమల పుట్ట లెక్కున్నది. ఆపు, ఆపు!"

పక్కకు ఆపాను. ఆమె దిగి చీర దులుపుకుని, నన్నూ దింపి, డ్రైవర్ సీటు కిందికి చెయ్యి పోనిచ్చింది. చీమలు అక్కడికే పోతున్నాయి. వెనక ఇనుప పట్టీకి ఏదో కట్టి ఉంది. లాగింది.

పిడికెడంత ఎర్రగుడ్డ మూట. మూడు ముళ్ళు. పసుపు మరకలు.

ఆమె రోడ్డు పక్కనే ముళ్ళు విప్పింది. లోపల బెల్లం ముక్క, పసుపు, కుంకుమ. చూడగానే చెప్పులు విడిచింది.

"అయ్యో, తల్లుల బంగారం!"

మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మా దగ్గర బంగారమనే అంటారు. గద్దె దగ్గర దొరికిన ముక్కను ఇంటికి తెచ్చి దాచుకుంటారు. దాన్ని పారెయ్యరు, తొక్కరు.

నాకు యార్డు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషి. కదిలిన పెదవులు. సంతలో ఎద్దు నచ్చితే బేరం కాకముందే దాని నొసటన ఇంత పసుపు పెట్టి వస్తారు, ఇది నాదే కావాలని. అతను కారుకు కూడా అదే చేశాడు.

"ఆ కంపెనీ ఆఫీసర్ పెట్టుకున్నడేమో" అన్నాను.

"సూట్లేసుకునే ఆఫీసర్ జాకెట్ గుడ్డల బంగారం కడ్తడా? ఇది మొక్కిన బంగారం. ఎవలు మొక్కిన్రో వాళ్ళకు అందియ్యాలె. లేకుంటె మనకు మంచిది గాదు." ఆమె ఫోన్ తీసింది. "కుమారస్వామి తమ్మినడుగుత. వాళ్ళది ఆ దిక్కే. ఏం చెయ్యాల్నో ఆయనకెరుక."

"ఇప్పుడెందుకు, డ్యూటీల ఉంటడు..."

అప్పటికే మోగుతోంది. ఆమె రెండు చేతుల్లో మూట ఉంది కనుక స్పీకర్ పెట్టి బానెట్ మీద ఉంచింది.

"ఆ, వదినె! మంచిగున్నరా?"

"మంచిగున్నం తమ్మీ. నీకింక చెప్పలే, మీ అన్న కారు కొన్నడు. దిష్టని ఎవ్వలకు చెప్పనియ్యలే."

"అవునా! ఏం కారు వదినె?"

"తెల్లది. గా మడికొండ కాడ వేలంల వచ్చిందట. అండ్ల డ్రైవర్ సీటు కింద తల్లుల బంగారం దొరికింది తమ్మీ. ఎర్ర జాకెట్ గుడ్డల, మూడు ముళ్ళేసి. ఏం చెయ్యమంటవ్?"

లారీ ఒకటి మమ్మల్ని దాటుకుని పోయింది. నేను ఫోన్ వైపు చూడలేక టైరు వైపు చూస్తున్నాను.

"తమ్మీ? ఇనబడతాందా?"

"ఇనబడతాంది వదినె." గొంతు మామూలుగానే ఉంది. "పారెయ్యకుండ్రి. తల్లులు ఎవలింటికి పోవాల్నో వాళ్ళింటికే పోతరు. దేవుని కాడ పెట్టుండ్రి. మంచే అయితది."

"మీ అన్నకియ్యాల్నా ఫోన్?"

"వద్దు వదినె. బండి నడుపుతాండు గావచ్చు."

పెట్టేశాడు.

"ఎంత మంచిగ చెప్పిండు చూడు" అంది స్నేహలత, మూటను కళ్ళకద్దుకుంటూ.

సోమవారం పొద్దున్నే సెంటర్ తెరవకుండా పాలంపేట బయలుదేరాను. పక్క సీట్లో మూట. ములుగు దాకా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. ములుగు దాటాక అందులో సగం తీసేశాను. రామప్ప మలుపు దగ్గరికొచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

కుమారస్వామి ఇంటి ముందే ఉన్నాడు. సేఠ్ కారు కడుగుతున్నాడు. తెల్ల కారు వచ్చి ఆగడం చూశాడు. పైపు కింద పెట్టలేదు. నీళ్ళు అతని కాళ్ళ మీద పారుతున్నాయి. కారునే చూశాడు, ముందు బంపర్ నుంచి వెనక లైటు దాకా, నిదానంగా. నన్ను ఆ తరవాత చూశాడు.

"రా అన్నా."

అతని భార్య రమ బయటికొచ్చింది. నేను ఎప్పుడొచ్చినా 'అన్నం తిని పో బావా' అనే మనిషి. చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"తమ్మీ, ఆ రోజు..."

"మెసేజ్ వచ్చిందన్నా" అన్నాడు.

"ఏం మెసేజ్?"

"నా ఫోన్ల. ఆ రోజే. ఎవలన్న నామీద పాడితె నాకు మెసేజ్ వస్తదట గదా."

ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తుందో, ధర పెరిగిన కబురు కూడా అదే ఫోన్‌కు వెళుతుంది. పదహారేళ్ళుగా జనం ఫోన్లు నా టేబుల్ మీదే చూశాను కాబట్టి, అది అతని జేబులో ఉంటుందన్నదే మరిచిపోయాను.

"ఇంగ్లీషుల ఉండె. దీప్తి చదివింది. బాపూ, రెండు అరవై ఐదే అంటాన్రు, మూడు పదిహేను గాదు అన్నది. మూడుసార్లన్నది." అతను పైపు కట్టేశాడు. "నేను తిట్టిన. ఇంటర్ చదువుతానవ్, అంకెలు చదవరాదా అన్న. మా అన్న అబద్ధం చెప్తడా అన్న. చెయ్యి గూడ లేపిన. రెండు రోజులు అన్నం తినలే పిల్ల."

సెంటర్‌కు వచ్చిన రోజు ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడే, అదీ సంగతి. నన్ను అడగడానికి అతనికే సిగ్గేసింది.

తిట్టి ఉంటే, కొట్టి ఉంటే నిలబడేవాణ్ణి. నేను అరుగు మీద కూలబడ్డాను.

"దీప్తి ఉన్నదా?"

"దీప్తీ!" అని పిలిచాడు.

కాలేజీకి తయారై, జడ సగం వేసుకున్న పిల్ల గుమ్మంలోకి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. పక్కింటి కట్టమ్మ గోడ మీదుగా చూస్తోంది. చూడనీ అనుకున్నాను.

"నువ్వు సరిగ్గనే చదివినవ్ బిడ్డా. రెండు అరవై ఐదే. మూడు పదిహేనని మీ బాపుకు అబద్ధం చెప్పింది నేను. మీ బాపు మీద పాడింది గూడ నేనే."

"నాకెరుకే" అంది.

అంతే. రెండో తరగతి నుంచి నన్ను పెద్దబాపు అని పిలిచిన పిల్ల. ఆ మాట కోసం ఒక్క క్షణం ఆగాను. ఆమె జడ అల్లుకుంటూ లోపలికి వెళ్ళింది.

తాళంచెవి, మూట తీసి అరుగు మీద పెట్టాను. "కాయితాలు ఇంక నా పేరు మీదికి మారలే. కారు నీది తమ్మీ. రెండు అరవై రెండుకు నీకు రావాల్సింది. గంతే ఇయ్యి, నీకు చాతనైనప్పుడు."

అతను తీసుకోడని, నేను బతిమాలాల్సి వస్తుందని అనుకున్నాను. బతిమాలడానికి సిద్ధపడే వచ్చాను. కుమారస్వామి తడి చేతులు లుంగీకి తుడుచుకుని తాళంచెవి తీసుకున్నాడు.

"తీసుకుంటన్నా. ఎందుకు తీసుకోను? రెండు అరవై ఐదు ఇస్త, నువ్వు కట్టింది గంతే గదా. నీది నాకొద్దు." కారు దగ్గరికి వెళ్ళి డోర్ తెరిచాడు. ఒక చీమను వేలితో పక్కకు తోశాడు. "యాకయ్య తాతకు ఒకసారి చూపెట్టి తెస్త."

"పేరు మార్పుడు అప్లికేషన్ నేను చేస్త తమ్మీ. ఇయ్యాల్నే. టాక్సి పసుపు ప్లేటుకు గూడ..."

"వద్దన్నా. ములుగుల చేపించుకుంట."

"ఫీజు నేనే కడ్త. జర నీ ఫోన్ల ఓటీపీ ఒక్కటి వస్తది, అది..."

అతను నా వైపు తిరిగాడు. కోపం లేదు. నా మాట నాకే వినిపించింది.

"ఓటీపీ నీకు చెప్పనన్నా" అన్నాడు మెల్లగా.

తరవాత మూట విప్పి, బంగారం ముక్కను అరుగు అంచున కొట్టి రెండు చేశాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు. "తల్లులది. కాదనొద్దు. తొమ్మిదింటికి మలుపు కాడ ములుగు బస్సున్నది."

మలుపు దాకా నడిచాను. బస్సులో ఆ ముక్కను పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. తినలేను, పారెయ్యలేను. హన్మకొండలో దిగేసరికి చెయ్యంతా జిగట.

స్నేహలతకు అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె నన్నే చూసింది. "ఫోన్ చేసింది నేను" అంది చివరికి. "వానికి నా నోటితోని చెప్పిన. మంచిగున్నం తమ్మీ అనుకుంట చెప్పిన. నీ సిగ్గు నాగ్గూడ పూసినవ్ గదయ్యా."

మంగళవారం సెంటర్ తెరిచాను. మొదట వచ్చింది మొగిలమ్మే. పింఛను పని. ఎప్పటిలాగే ఫోన్ టేబుల్ మీద పడేసి బస్టాండు వైపు తిరిగింది.

"అవ్వా! ఫోన్ ఇడిసిపెట్టి పోకు. ఇటు కూసో. నంబర్ వస్తది, నీ ఎదురుంగనే కొడ్త."

ఆమె వింతగా చూసింది. "ఏందిరో కొత్తగ? గిన్నేండ్ల సంది లేంది! చేసేది నువ్వు గాదా?"

"నేనే అవ్వా" అన్నాను, స్టూలు ఆమె వైపు జరిపి. "అందుకే కూసోమంటాన."